జీవితచరిత్రను విశ్లేషించమంటే చరిత్రనాయకుడి కథే తిరిగి చెబుతున్నాను: బాస్వెల్ రాసిన జాన్సన్ గురించి సలహా కావాలి

కృష్ణాతీరం అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. ఆంగ్ల సాహిత్యంలో ఎం.ఏ. చేసి, ప్రస్తుతం జీవితచరిత్ర ప్రక్రియ మీద పరిశోధన చేస్తున్నాను. తొలి అధ్యాయానికి జేమ్స్ బాస్వెల్ 1791లో ప్రచురించిన శామ్యూల్ జాన్సన్ జీవితచరిత్రను ఎంచుకున్నాను. మూడు నెలలు కూర్చుని నలభై పేజీలు రాసి ఇస్తే, మా పర్యవేక్షకులు పది పేజీలు తిరగేసి, అంచున ఒక్క వాక్యం రాసి తిప్పి పంపారు: "ఇందులో జాన్సన్ ఉన్నాడు, బాస్వెల్ ఎక్కడ?"

మొదట మనసు చివుక్కుమంది గాని, రెండు రోజులు ఆగి మళ్లీ చదువుకుంటే ఆ మాటలో తప్పేమీ కనిపించలేదు. 1709లో లిచ్‌ఫీల్డ్‌లో ఒక పుస్తకాల వ్యాపారి ఇంట జాన్సన్ పుట్టడం, చిన్ననాడే గండమాల వ్యాధితో ఆయన చూపు దెబ్బతినడం, డబ్బు చాలక ఆక్స్‌ఫర్డు చదువును మధ్యలో మానుకోవడం, ఏళ్ల తరబడి శ్రమించి 1755లో ఆంగ్ల నిఘంటువును వెలువరించడం, 1762లో ఏటా 300 పౌన్ల రాజభృతి పొందడం, 1784 డిసెంబరులో కన్నుమూయడం, ఇవన్నీ వరుసగా చెప్పుకొచ్చాను. ఆయన అన్న గొప్ప మాటలన్నీ ఏరి పెట్టాను. బాస్వెల్ గురించి రాసిందల్లా "అతడు సంభాషణలను కళ్లకు కట్టినట్టు చిత్రించాడు" అన్న ఒక్క వాక్యమే; అది కూడా నాలుగుసార్లు రాశాను.

చెప్పబడిన మనిషిని పక్కన పెట్టి, చెప్పిన తీరును పట్టుకోవాలంటే పుస్తకంలో ఎక్కడ చూడాలన్నది నా సందేహం. బాస్వెల్ రాసినదాంట్లో తప్పులు వెతకడమే విశ్లేషణా? జాన్సన్ నిఘంటువు పని మొదలుపెట్టినప్పుడు బాస్వెల్ పసివాడు. ఇద్దరూ కలిసేనాటికి ఆయనకు 53 ఏళ్లు, అతడికి 22. ఆయన జీవితంలో మూడింట రెండు వంతులకు పైగా అతడు కంటితో చూడలేదు. అయినా పుస్తకమంతా చూసినవాడు చెప్పినట్టే ఉంటుంది. దీన్ని ఎటునుంచి అందుకోవాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.


పాతపుటలు ఇచ్చిన సమాధానం:

అమ్మా, మీ పర్యవేక్షకులు రాసిన మాట కటువుగా ఉన్నా ప్రశ్న సరైనదే. చాలా ఏళ్లు ఈ పుస్తకాన్ని తరగతిలో చెప్పినవాణ్ణి కనుక నాకు అలవాటైన దారి చెబుతాను. మొత్తం పుస్తకాన్ని ఒక్కసారిగా విశ్లేషించబోకండి. ఒకే సంఘటనను ఇద్దరు ముగ్గురు చెప్పిన చోటు ఒకటి వెతికి పట్టుకోండి. జాన్సన్ విషయంలో ఆ అదృష్టం మనకుంది. ఆయన పోయిన ఏడేళ్ల లోపల ఆయన్ని దగ్గరగా ఎరిగినవాళ్లు ముగ్గురు పుస్తకాలు వేశారు. ఏళ్ల తరబడి ఆయనకు తన ఇంట ఆశ్రయమిచ్చిన హెస్టర్ థ్రేల్, అప్పటికి ఆమె ఇటలీ సంగీతకారుడు పియోజ్జీని రెండో పెళ్లి చేసుకుని ఉంది, 1786లో తన జ్ఞాపకాలు వేసింది. జాన్సన్ వీలునామా అమలు చేసినవారిలో ఒకడైన సర్ జాన్ హాకిన్స్ 1787లో పెద్ద జీవితచరిత్ర తెచ్చాడు. బాస్వెల్ మూడోవాడు. మొదటి ఇద్దరి పుస్తకాలు బల్ల మీద పెట్టుకుని, వాళ్లతో పోట్లాడుతూ రాసినవాడు.

ఈ ముగ్గురూ చెప్పిన ఉదంతం ఒకటుంది. జాన్సన్ మిత్రుడు, రచయిత ఆలివర్ గోల్డ్‌స్మిత్ తన "వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్" నవల రాతప్రతిని ఎలా అమ్ముకున్నాడన్నది. బాస్వెల్ దీన్ని జాన్సన్ నోటిమాటగానే పెట్టాడు. ఒక ఉదయం గోల్డ్‌స్మిత్ నుంచి కబురు వచ్చింది, పెద్ద ఇబ్బందిలో ఉన్నాను, కదలలేని స్థితిలో ఉన్నాను, వెంటనే రమ్మని. జాన్సన్ ఒక గినీ నాణెం ముందు పంపించి, బట్టలు వేసుకుని వెనకే వెళ్లాడు. వెళ్లి చూస్తే అద్దె బకాయి కోసం ఇంటి యజమానురాలు గోల్డ్‌స్మిత్‌ను పట్టి కూర్చోబెట్టించింది, అతడు కోపంతో ఊగిపోతున్నాడు. అప్పటికే ఆ గినీ మార్చేసి మదీరా ద్రాక్షసారా సీసా ఒకటి తెప్పించుకున్నాడు. సీసా, గ్లాసు ఎదురుగా ఉన్నాయి. జాన్సన్ సీసాకు బిరడా బిగించి, స్థిమితపడమని చెప్పి, బయటపడే మార్గం గురించి మాట్లాడాడు. అచ్చుకు సిద్ధంగా ఉన్న నవల ఒకటి ఉందని గోల్డ్‌స్మిత్ తీసి చూపించాడు. జాన్సన్ పైపైన చూసి, సరుకుందని గ్రహించి, ఒక పుస్తక ప్రచురణకర్త దగ్గరికి వెళ్లి 60 పౌన్లకు అమ్మి, డబ్బు తెచ్చి ఇచ్చాడు. గోల్డ్‌స్మిత్ అద్దె చెల్లించాడు. తనను అంత నీచంగా చూసినందుకు యజమానురాలిని గొంతెత్తి దులిపేశాడు.

ఇప్పుడు థ్రేల్ కథనం చూడండి. అది ఆమె భోజనాల గదిలో మొదలవుతుంది. జాన్సన్ మా ఇంట భోంచేసి ఉండగా హఠాత్తుగా పిలుపు వచ్చి వెళ్లాడని, దాదాపు మూడు గంటల తరవాత తిరిగొచ్చి, కోపంతో మండిపోతున్న ఒక రచయిత సంగతి చెప్పాడని అంటుంది. ఆమె కథలో నవల ఇంకా పూర్తి కాలేదు, దిగులుతో అతడు రాయలేకపోతున్నాడు. జాన్సన్ సీసా తీసి అవతల పెడతాడు, ప్రచురణకర్త దగ్గరికి వెళ్లి ఎంతో కొంత సొమ్ము తెస్తాడు. ఆ సొమ్ము చేతిలో పడగానే రచయిత చేసిన పనేమిటంటే, ఇంటి యజమానురాలిని పిలిచి పంచ్ అనే మద్యం తాగుదువు గాని రమ్మని కూర్చోబెట్టుకోవడం. ఆ రచయిత గోల్డ్‌స్మిత్ అని తనకు తెలిసింది పదేళ్ల తరవాతనని కూడా ఆమే ఒప్పుకుంటుంది. ఇక హాకిన్స్ కథలో సీసా లేదు, యజమానురాలు లేదు, అసలు జాన్సనే లేడు. అప్పులవాళ్లకు కనపడకుండా దాక్కున్న గోల్డ్‌స్మిత్ అవసరం కొద్దీ నవల రాసి, న్యూబెరీ అనే ప్రచురణకర్త నుంచి 40 పౌన్లు పుచ్చుకున్నాడు, అంతే.

యజమానురాలి గతి చూడండి. ఒక కథలో తిట్లు తింది, ఇంకో కథలో పంచ్ తాగింది. బాస్వెల్ పుస్తకం నిండా గోల్డ్‌స్మిత్ గొప్ప రచయితే గాని అహంకారి, మాట తూలేవాడు, కొంచెం నవ్వులపాలయ్యేవాడు. తన డబ్బు కాని గినీతో సీసా తెప్పించుకుని, అద్దె కట్టి, పైగా కేకలు వేసే గోల్డ్‌స్మిత్ ఆ బొమ్మలో చక్కగా అతుకుతాడు. థ్రేల్ చూపించే గోల్డ్‌స్మిత్ చేతిలో డబ్బు నిలవని మనిషి, పసివాడి బాపతు. ఆమె చెప్పదలుచుకున్నది జాన్సన్ దయాగుణం. అది తన ఇంటి గడప దాటి వెళ్లి, తిరిగి తన ఇంటికే వచ్చిందని కూడా.

అన్నిటికన్నా ముఖ్యంగా, ముగ్గురూ ఎక్కడ నిలబడి చెబుతున్నారో చూడండి. థ్రేల్ "మా ఇంట్లో" అంటూ తన గదిలో నిలబడింది. హాకిన్స్ ఎక్కడా నిలబడలేదు, లెక్కల పుస్తకం చదివినట్టు చదివాడు. బాస్వెల్ మాత్రం తాను పూర్తిగా తప్పుకుని, జాన్సన్‌నే "నేను" అనిపించాడు. చూడని సంఘటనను చూసినట్టు చెప్పడానికి అతడికి దొరికిన ఉపాయం ఇదే. మీరు అడిగిన మూడింట రెండు వంతుల చిక్కుకు జవాబు కూడా చాలావరకు ఇక్కడే ఉంది. తాను లేని చోట చరిత్రనాయకుడి గొంతునో, ఉత్తరాన్నో, పాత మిత్రుల జ్ఞాపకాన్నో నిలబెడతాడు. ఈ కథ ఎత్తుకునే ముందే, థ్రేల్, హాకిన్స్ ఈ సంగతిని విచిత్రంగా తప్పు చెప్పారని ఒక పోటు పొడవడం మరిచిపోలేదు. ఆ పోటులో బాస్వెల్ నిలువెత్తున కనిపిస్తాడు.


గోదారిగట్టు ఇచ్చిన సమాధానం:

పాతపుటలు మాస్టారు చెప్పిన ఉదంతానికి ఒక చేర్పు, ఒక చిన్న పేచీ.

చేర్పు ఏమిటంటే, ఈ ముగ్గురి మాట ఎలా ఉన్నా, నాలుగో సాక్షి ఒకటి ఉంది, అది మనిషి కాదు. సాల్స్‌బరీలో ముద్రాపకుడైన బెంజమిన్ కాలిన్స్ లెక్కల్లో, ఆ నవలలో మూడో వంతు హక్కును 1762 అక్టోబరు 28న 21 పౌన్లకు, అంటే 20 గినీలకు, కొన్నట్టు పద్దు ఉంది. మూడు వాటాలు కలిపితే 60 గినీలు. బాస్వెల్ చెప్పిన 60 పౌన్లకు ఇది బాగా దగ్గర, హాకిన్స్ చెప్పిన నలభైకి దూరం. ఇక తేదీ చూస్తే థ్రేల్ కథ నిలవదు. జాన్సన్‌కు థ్రేల్ దంపతులతో పరిచయమైందే 1764-65 ప్రాంతంలో. 1762లో ఆమె ఇంట భోంచేసి లేచి వెళ్లే వీలే లేదు. బహుశా ఆయన చెప్పగా విన్న పాత కథ, ఏళ్లు గడిచేసరికి ఆమె జ్ఞాపకంలో తన ఇంటి కథగా మారి ఉంటుంది. మన ఇళ్లలో కూడా తాతగారు చెప్పిన సంగతిని "నేనక్కడే ఉన్నాను" అని చెప్పే మేనత్తలు ఉంటారు. వాళ్లు అబద్ధమాడుతున్నారని ఎవరూ అనుకోరు.

నా పేచీ ఇక్కడే. పద్దు దొరికింది కాబట్టి బాస్వెల్ సత్యవంతుడు, థ్రేల్ కాదు అని తీర్పు చెప్పి అధ్యాయం ముగించేస్తే మీరు మళ్లీ మొదటికే వస్తారు. ఆ పద్దు సొమ్మును, తేదీని తేల్చగలదు. యజమానురాలు తిట్లు తిన్నదో పంచ్ తాగిందో ఏ లెక్కల పుస్తకమూ చెప్పదు. బాస్వెల్ కూడా జాన్సన్‌ను కలిసింది 1763లో కనుక అతడు విన్నదీ జరిగిపోయిన కథే. బిరడా బిగించిన చెయ్యి జాన్సన్‌ది; ఆ బిరడాను మనకు కనిపించేలా కథ మధ్యలో పెట్టిన చెయ్యి ఎవరిదన్నది మీ అధ్యాయానికి పనికొచ్చే ప్రశ్న.

విషయానికి దూరమైనా ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఆ రోజు సీసా పక్కన ఉన్న ఆ రాతప్రతి అమ్ముడుపోయి, 1766లో అచ్చై, ఖండాలు దాటి వచ్చి, మా రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారి చేతిలో పడింది. దాన్ని ఆలంబనగా తీసుకునే ఆయన రాజశేఖర చరిత్రము నవలను 1878లో వివేకవర్ధని పత్రికలో ప్రకటించి, 1880లో పుస్తకంగా వేశారు. ధవళేశ్వరం మెట్ల మీద నడిచే రాజశేఖరుడికి లండన్‌లో అద్దె బకాయిపడ్డ గోల్డ్‌స్మిత్ దూరపు చుట్టమే.


దినచర్య ఇచ్చిన సమాధానం:

ఇద్దరు ముగ్గురు చెప్పిన కథలను పోల్చడం మంచి దారే. బాస్వెల్ విషయంలో అంతకన్నా మంచి దారి ఇంకొకటుంది, బాస్వెల్‌ను బాస్వెల్‌తోనే పోల్చడం. అతడు రోజూ డైరీ రాసుకునేవాడు. ఆ కాగితాలు వంశీకులు ఉండిన డబ్లిన్ దగ్గరి మలహైడ్ కోటలోను, అతడి వీలునామా అమలు చేసినవారిలో ఒకడి వారసులది అయిన స్కాట్లండ్‌లోని ఫెటర్‌కేర్న్ భవనంలోను, నూటయాభై ఏళ్లకు దగ్గరగా మూలపడి ఉండి, 1920, 30 దశకాల్లో వెలుగుచూశాయి. లండన్‌లో గడిపిన 1762-63 నాటి డైరీ 1950లో అచ్చయింది. అందువల్ల అతడు ఆ రాత్రి ఏం రాసుకున్నాడో, 28 ఏళ్ల తరవాత దాన్ని ఏం చేశాడో పక్కపక్కన పెట్టి చూడవచ్చు.

తొలి పరిచయాన్ని తీసుకోండి. 1763 మే 16, కోవెంట్ గార్డెన్‌లో రసెల్ వీధి, టామ్ డేవీస్ అనే నటుడి పుస్తకాల దుకాణం. డైరీలో ఆ సాయంత్రం కొద్ది వాక్యాల్లో అయిపోతుంది. డేవీస్ ఇంట టీ తాగుతున్నాను, ఏడు గంటల వేళకు గొప్పవాడైన జాన్సన్ వచ్చాడు, ఆయనకు స్కాట్లండ్ వాళ్లంటే గిట్టదని తెలిసి నా ఊరు చెప్పవద్దన్నాను, డేవీస్ చెప్పేశాడు, "స్కాట్లండ్ నుంచి వచ్చిన మాట నిజమేనండి, కాని నేనేం చేయగలను" అన్నాను, "మీ దేశస్థుల్లో చాలామందికి కూడా అక్కడినుంచి రాక తప్పడం లేదని గమనించాను" అని ఆయన దెప్పాడు. ఆ వెంటనే డైరీ జాన్సన్ ఆకారం మీదికి వెళుతుంది. చూడటానికి భయంకరంగా ఉన్నాడు, భారీ మనిషి, కళ్లజబ్బు, వణుకు, గండమాల, బట్టల మీద శ్రద్ధ లేదు, గొంతు మొరటు. అయినా ఆయన పాండిత్యం, మాటల బలం గౌరవం పుట్టిస్తాయి అని.

పుస్తకంలో ఇదే సాయంత్రం ఒక నాటకరంగం. అద్దాల తలుపు గుండా జాన్సన్ వస్తుండటాన్ని డేవీస్ ముందు చూస్తాడు; షేక్స్పియర్ నాటకంలో హామ్లెట్‌కు తండ్రి ప్రేతం వస్తోందని హొరేషియో చెప్పినట్టు, "అదిగో ప్రభూ, వస్తోంది" అన్న ధోరణిలో ప్రకటిస్తాడు. డైరీలో హామ్లెట్ ఊసే లేదు. భయంకరమైన ఆకారం కూడా ఈ దృశ్యంలోంచి మాయమైంది. దాని బదులు, చిత్రకారుడు జాషువా రేనాల్డ్స్ గీసిన చిత్రపటంలో కుర్చీలో కూర్చుని ఆలోచనలో మునిగిన జాన్సన్‌ను ముందే చూసి ఉన్నందువల్ల ఆయన రూపం నాకు బాగా తెలుసునని బాస్వెల్ అంటాడు. రోగాల స్థానంలో తైలవర్ణ చిత్రం వచ్చి కూర్చుంది.

అయితే దాచేశాడని తొందరపడి రాయవద్దు. వారం తరవాత, మే 24న, జాన్సన్ ఉండే గదికి వెళ్లిన ఘట్టంలో ఆ మాసిన గోధుమరంగు దుస్తులు, తలకు చాలని పాత విగ్గు, జారిపోయిన నల్ల మేజోళ్లు, చెప్పుల్లా ఈడ్చే బిళ్లలు పెట్టని బూట్లు, అన్నీ వరుసగా చూపిస్తాడు. చూపించి, ఆయన నోరు తెరిచిన క్షణంలో ఇవన్నీ మరుపున పడ్డాయి అని ఒక వాక్యంతో తుడిచేస్తాడు. గండమాల సంగతి బాల్యం దగ్గర చెప్పనే చెప్పాడు. సమాచారం ఎక్కడికీ పోలేదు, చోటు మారింది. మొదటిచూపులో పాఠకుడు వెనక్కి తగ్గకూడదు; ముందు ఆ మనిషి మాట వినాలి, ఆ తరవాతే బట్టలు చూడాలి. మీ అధ్యాయంలో "చిత్రించాడు" అని నాలుగుసార్లు రాసిన చోట, ఏది ఎక్కడినుంచి ఎక్కడికి జరిపాడో రాసి చూడండి.

పుస్తకం వెలువడిన తేదీ కూడా 1791 మే 16. తొలి పరిచయమై సరిగ్గా 28 ఏళ్లు. జాన్సన్ పుట్టినరోజునో పోయిన రోజునో పట్టుకోకుండా, తమ ఇద్దరి పరిచయం రోజును పట్టుకున్నాడు.


కృష్ణాతీరం తిరిగి రాసింది:

అందరికీ కృతజ్ఞతలు. మూడు రోజులుగా ఈ కోణంలో మళ్లీ చదువుతున్నాను. మీరు చెప్పినట్టే ఒక్క ఘట్టం పట్టుకుని ప్రయత్నించాను, సరిదిద్దండి.

నేను తీసుకున్నది 1776 మే 15న లండన్‌లో, పుస్తక ప్రచురణకర్తలైన డిల్లీ అనే ఇంటిపేరు గల సోదరుల ఇంట జరిగిన విందు. రాజకీయ నాయకుడు జాన్ విల్క్స్ అంటే జాన్సన్‌కు పడదు. ఇద్దరూ అచ్చులో ఒకరినొకరు తిట్టుకున్నవాళ్లే. వాళ్లిద్దర్నీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టాలని బాస్వెల్‌కు కోరిక. నేరుగా అడిగితే ఆయన మండిపడతాడని తెలిసి, విందుకు పిలుపు చెప్పి, "అయితే ఒక షరతు మీద వస్తారేమో, అక్కడ మీకు నచ్చినవాళ్లే ఉండాలని" అన్న ధోరణిలో రెచ్చగొడతాడు. ఇంకొకరి ఇంట ఎవరిని పిలవాలో నేను నిర్దేశిస్తానా అని ఆయన గర్జిస్తాడు. విల్క్స్ ఉన్నా సరేనా అంటే, ఉంటే నాకేమిటి అంటాడు. అంతటితో బాస్వెల్ పని అయిపోయింది. విందు రోజున ఆయన ఆ సంగతే మరిచిపోయి, ఇంట్లో ఉండే అంధురాలు మిసెస్ విలియమ్స్‌తో భోంచేస్తానని మాట ఇచ్చి ఉంటే, బాస్వెల్ మేడ దిగి వెళ్లి ఆమెను బతిమాలి ఒప్పిస్తాడు. ఆమె ఒప్పుకున్నదని వినగానే జాన్సన్, "ఫ్రాంక్, ఉతికిన చొక్కా!" అని సేవకుణ్ణి కేకవేస్తాడు. బల్ల దగ్గర విల్క్స్ పక్కనే కూర్చుని దూడమాంసం వడ్డిస్తూ, ఇదిగో ఈ ముక్క బాగుంటుంది, కాస్త ఎర్రగా వేగినది, కొంచెం కొవ్వు, ఇంకొంచెం రసం అని కొసరి కొసరి వేస్తుంటే, జాన్సన్ మొదట ముభావంగా, ఆపైన మెత్తబడుతూ వందనాలు చెబుతాడు.

ఇక్కడ నాకు తోచింది ఏమిటంటే, బాస్వెల్ జరిగినదాన్ని రాసినవాడు మాత్రమే కాడు, రాయడానికి ఒక సంఘటనను జరిపించినవాడు కూడా. జాన్సన్ జీవితంలో ఆ సాయంత్రం ఉండటానికి కారణమే జీవితచరిత్రకారుడు. దాన్ని దాచుకోలేదు సరికదా, తన ఉపాయాన్ని తానే మెచ్చుకుంటూ రాశాడు.

ఇంకొకటి. జాన్సన్ 1750లో తన "రాంబ్లర్" వ్యాసాల్లో ఒకదానిలో, వంశావళితో మొదలై శవయాత్రతో ముగిసే లాంఛనమైన చరిత్ర కన్నా, ఆ మనిషి సేవకుడితో కాసేపు మాట్లాడితే అసలు స్వభావం ఎక్కువ తెలుస్తుందని రాశారు. బాస్వెల్ తన పుస్తకం మొదట్లోనే దాన్ని ఎత్తి చూపాడు. కాని ఆ సేవకుడు, జమైకాలో పుట్టి 1752 నుంచి జాన్సన్ ఇంట ఉన్న ఫ్రాన్సిస్ బార్బర్, ఈ ఘట్టంలో ఒక చొక్కా తేవడం వరకే కనిపిస్తాడు. బాస్వెల్ అతణ్ణి వివరాలు అడిగి తెలుసుకున్నాడు, వాడుకున్నాడు; అతడి గొంతు మాత్రం గోల్డ్‌స్మిత్ ఉదంతంలో జాన్సన్ గొంతు వినిపించినంత నిండుగా ఎక్కడా వినిపించలేదు. ఇది రాయదగిన విషయమేనా, లేక ఈ కాలపు చూపును ఆ కాలం మీద రుద్దడమవుతుందా?

చివరగా, ఈ పద్ధతి తెలుగు జీవితచరిత్రలకు పనికొస్తుందా? రెండో అధ్యాయం తెలుగు మీద రాయాలని ఉంది.


ద్విపద ఇచ్చిన సమాధానం:

కృష్ణాతీరం గారూ, బార్బర్ గురించి తప్పక రాయండి. ఆ కొలబద్ద ఈ కాలానిది కాదు. జాన్సన్ ఇచ్చినది, బాస్వెల్ ఒప్పుకున్నది. వాళ్ల కొలతతో వాళ్లనే కొలుస్తున్నారు.

తెలుగు సంగతికి వస్తే, మీ మొదటి ప్రశ్ననే ఒకసారి తిరిగి చదువుకోండి. జాన్సన్‌ను "ఆయన" అన్నారు, బాస్వెల్‌ను "అతడు" అన్నారు. ఎవరూ చెప్పకుండానే ఒకరిని పీట మీద, ఒకరిని చాప మీద కూర్చోబెట్టారు. ఇంగ్లీషులో ఇద్దరికీ ఒకే సర్వనామం సరిపోతుంది కనుక బాస్వెల్ తన గౌరవాన్ని వేరే చోట్ల చూపించుకోవాల్సి వచ్చింది. తెలుగులో రాసేవాడు మొదటి క్రియ దగ్గరే దొరికిపోతాడు. పుట్టాడా, జన్మించారా, అవతరించారా. పోయాడా, కన్నుమూశారా, పరమపదించారా, శివైక్యం చెందారా, ఏది రాస్తే ఆ మాటకు తగ్గ మనిషి తయారవుతాడు. మన జీవితచరిత్రల్లో నేను ముందుగా చూసేది, అల్లరి పిల్లవాడుగా "వెళ్లాడు, కొట్టాడు" అన్న క్రియలతో నడిచిన చరిత్రనాయకుడు ఏ పుటలో "వెళ్లారు"గా మారాడన్నది. కొందరు ఉద్యోగం రాగానే మారుస్తారు, కొందరు జైలుకు వెళ్లినప్పుడు. కొందరు తల్లి కడుపులో ఉన్నప్పుడే బహువచనం వాడేస్తారు, అక్కడ ఇక బాల్యం ఉండదు. భార్య మాత్రం అనేక పుస్తకాల్లో చివరిదాకా ఏకవచనమే.

అయితే బాస్వెల్ కొలబద్దను పట్టుకుని అన్నిటినీ కొలవబోతే చిక్కే. పాల్కురికి సోమనాథుడి బసవపురాణం కూడా ఒక మనిషి జీవితకథే. పన్నెండో శతాబ్దంలో కల్యాణ నగరంలో బిజ్జలుడి దండనాయకుడుగా ఉన్న బసవేశ్వరుణ్ణి గురించి, తరవాతి శతాబ్దంలో, జానుతెనుగులో, ద్విపదలో, ఏడు ఆశ్వాసాల్లో చెప్పి గొబ్బూరి సంగనామాత్యుడికి అంకితమిచ్చాడు. "నీకెలా తెలుసు" అన్న మీ ప్రశ్నను సోమనాథుడి ముందు పెడితే, భక్తులు చెప్పుకునేది విన్నానంటాడు, అక్కడితో సరి. అసలు అడగాల్సింది వేరే ఉంది. ఉపనయనం వద్దని తండ్రిని ఎదిరించిన బాలుడి కథ చెబుతూ, బసవడిని పక్కన పెట్టి, అంతంత సేపు ఇతర భక్తుల కథల్లోకి ఎందుకు వెళతాడు? శివుడికి తల్లి లేదే, తల్లే ఉంటే జడలు కట్టనిస్తుందా, విషం తాగనిస్తుందా అని బాధపడి తానే తల్లిగా మారిన బెజ్జ మహాదేవి, చాకలి మడివాలు మాచయ్య, ముగ్ధ సంగయ్య, కన్నప్ప, వీళ్లందరూ వచ్చి బసవడి చుట్టూ నిలబడతారు. బాస్వెల్ గదిలో ఒకే కుర్చీ ఉంది, అందరూ దాని వైపు తిరిగి ఉంటారు. సోమనాథుడి కథలో చరిత్రనాయకుడు చాలాసార్లు వినేవాడు, చెప్పేవాడు, పక్కకు జరిగి చోటిచ్చేవాడు. ఒక మనిషి గొప్పతనం అతడి పంక్తిలో ఎవరు కూర్చున్నారన్నదాన్ని బట్టి తెలుస్తుందన్న నమ్మకం ఆ నిర్మాణంలోనే ఉంది. రెండో అధ్యాయం దీనిమీద రాస్తే, మొదటి అధ్యాయానికి తోకగా కాకుండా దాని కాళ్ల మీద అది నిలబడుతుంది.


పాతపుటలు మళ్లీ రాసింది:

విల్క్స్ విందు మీద మీరు రాసినది బాగుంది. అలాగే అధ్యాయంలో పెట్టండి. నేను మొదట చెప్పినదాంట్లో థ్రేల్‌కు కొంచెం అన్యాయం జరిగినట్టు తోస్తోంది, గోదారిగట్టు వారు చెప్పాక. తేదీ తప్పినా, బాస్వెల్‌కు ఎన్నడూ దక్కని స్థానం ఆమెది. ఎడింబరోలో వకీలైన బాస్వెల్ కోర్టు సెలవుల్లో లండన్ వచ్చి, విందుల్లో, క్లబ్బుల్లో, సత్రాల్లో జాన్సన్‌ను చూశాడు. ఆమె స్ట్రెతమ్ ఇంట్లో జబ్బుపడ్డ జాన్సన్‌ను, రాత్రి నిద్ర పట్టక ఎవర్నీ పడుకోనివ్వని జాన్సన్‌ను, పిల్లలతో ఆడుకునే జాన్సన్‌ను చూసింది. బాస్వెల్ పుస్తకంలో జాన్సన్ ఎప్పుడూ నలుగురిలో మాట్లాడుతూనే ఉండటానికి ఒక కారణం, అతడు నలుగురిలోనే ఎక్కువగా కలవడం. పుటల లెక్క కూడా దీన్నే చెబుతుంది. పరిచయమైన తరవాతి 21 ఏళ్లకు పుస్తకంలో సగానికి బాగా మించి పోయింది. నిఘంటువు కోసం పడ్డ ఏళ్ల శ్రమ దానితో పోలిస్తే చాలా కొద్ది చోటులో ముగుస్తుంది.

మీ పర్యవేక్షకుల ప్రశ్నకు జవాబు రాసే ముందు 1780వ సంవత్సరం భాగం ఒకసారి చదవండి. ఆ ఏడాది బాస్వెల్ లండన్ రాలేదు. ఆ ఖాళీని పూడ్చడానికి మిత్రుడు బెనెట్ లాంగ్టన్ దగ్గరున్న జాన్సన్ మాటల సేకరణను తీసుకుని, ఒకదాని కింద ఒకటిగా గుదిగుచ్చి పెట్టాడు. అవీ జాన్సన్ మాటలే, మంచి మాటలే. కాని ఏ గదిలో అన్నాడో, ఎవరు గిల్లితే అన్నాడో, అన్నాక ఎవరి ముఖం ఎలా మారిందో చాలాచోట్ల ఉండదు. ఆ పుటలను విల్క్స్ విందు పక్కన పెట్టుకుని, ఏమేం లేవో ఒక కాగితం మీద రాసుకోండి. హిల్ సంపాదకత్వంలో 1887లో ఆరు సంపుటాలుగా వచ్చి, తరవాత పావెల్ సవరించిన ప్రతి మీ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉంటే అదే వాడండి. సంగ్రహ ప్రతుల్లో ఈ భాగాన్నే ముందుగా కోసేస్తారు.